గిటార్, బేస్ రోజువారీ ప్రాక్టీస్ ఎక్కడ ఆగిపోతోంది? సమస్య - పరిష్కారం

బెంగళూరులో మన తెలుగువాళ్లు ఉండే ఏ పీజీకి వెళ్లినా, మారతహళ్లి అయినా బీటీఎం అయినా, ఏదో ఒక గదిలో బీరువా పక్కన బ్యాగులోనే నిలబడి ఉన్న గిటార్ కనిపిస్తుంది. కొందరి దగ్గర దానికి తోడు బేస్ (లావు తీగల గిటార్) కూడా ఉంటుంది. అడిగితే "కొన్నాను గానీ టైం దొరకట్లేదు బ్రో" అంటారు. టైమూ బద్ధకమూ అసలు కారణాలు కావడం తక్కువే. వాయిద్యంలోనో, గదిలోనో, చేతిలోనో ఏదో చిన్న ఇబ్బంది ఉంటుంది. అది రోజూ కాస్త కాస్త విసిగిస్తుంది. కొన్నాళ్లకి చెయ్యి అటు పోవడమే మానేస్తుంది. అందుకే మనల్ని మనం తిట్టుకునే ముందు ఆ ఇబ్బంది ఏమిటో పట్టుకోవాలి.

"సోమవారం మొదలుపెడతాను, గురువారానికి ఆగిపోతుంది"

మొదటి అనుమానం బ్యాగు మీదే. జిప్ తీయాలి, గిటార్ బయటికి లాగాలి, ట్యూనర్ వెతకాలి, పిక్ ఎక్కడో పడిపోయి ఉంటుంది. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో గంటన్నర నలిగి వచ్చినవాడు ఈ తతంగం తలుచుకునే ఫోన్ తీసుకుని మంచమెక్కేస్తాడు. రెండో అనుమానం ప్లాన్ మీద. "రోజూ గంట గిటార్, గంట బేస్" అని రాసుకుంటే ఒక్కరోజు తప్పగానే అంతా పోయినట్టే అనిపిస్తుంది.

బ్యాగు సంగతి తేలిక. ఒక స్టాండ్ కొని మంచం పక్కన పెట్టండి. గోడకు హుక్ ఇంకా మంచిదే గానీ అద్దె ఇంట్లో డ్రిల్లింగ్ అంటే ఓనరు ఒప్పుకోవాలి కదా. క్లిప్ ట్యూనర్ గిటార్ తలకే ఉండాలి, పిక్ తీగల మధ్య గుచ్చి ఉండాలి. బేస్‌కి కేబుల్ కూడా పెట్టే ఉంచొచ్చు, కానీ యాక్టివ్ బేస్ అయితే మాత్రం వాయించాక తీసేయండి. కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ లోపలి 9 వోల్టుల బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. రోజూ అలాగే వదిలేస్తే ఒకరోజు తీసేసరికి బేస్ పలకదు, ఆ రోజు ప్రాక్టీస్ గోవిందా.

ప్లాన్ విషయానికొస్తే, ఆఫీసుకి వెళ్లే రోజుల్లో పావుగంట, ఒకే వాయిద్యం. సోమ, బుధ గిటార్. మంగళ, గురు బేస్. వర్క్ ఫ్రం హోమ్ రోజున, శని ఆదివారాల్లో రెండూ. మరీ కుదరని రోజు తీసి ట్యూన్ చేసి ఒక స్కేల్ వాయించి పెట్టేసినా లెక్కే. పొద్దున క్యాబ్ రాకముందు, స్నానానికి ముందు వాయించడం నా దృష్టిలో అన్నిటికన్నా మేలు. సాయంత్రం మనది కాదు, ఏ మీటింగో తన్నుకుపోతుంది. పైగా స్నానం చేశాక, గిన్నెలు తోమాక వేళ్ల చివర్లు నాని మెత్తబడి ఉంటాయి. అప్పుడు స్టీలు తీగ కోసినట్టే ఉంటుంది.

"ఎఫ్ కార్డ్ పలకట్లేదు, వేళ్లు మంట"

ఇక్కడే చాలామంది "నా వేళ్లు పొట్టివి" అని తీర్పు ఇచ్చేసుకుంటారు. వేళ్లకి ముందు గిటార్‌ని పరీక్షించండి. ఎఫ్ అంటే చూపుడువేలితో తీగలన్నీ ఒకేసారి నొక్కే బారే కార్డ్. దాన్నే అయిదో ఫ్రెట్ (మెడ మీది లోహపు గీత) దగ్గర పట్టి చూడండి. అక్కడ హాయిగా పలికి, మొదటి ఫ్రెట్ దగ్గర మాత్రమే మొండికేస్తే తప్పు మీ చేతిది కాదు, నట్‌ది, అంటే గిటార్ తల దగ్గర తీగలు ఆనే చిన్న పట్టీది. నట్‌లో తీగలు కూర్చునే గాళ్లు తగినంత లోతుగా లేవు. తక్కువ ధర కొత్త గిటార్లలో ఇది మామూలే.

రెండు చోట్లా కష్టంగానే ఉంటే పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఎంత ఎత్తులో ఉందో కొలవండి. స్టీలు స్కేలు వాడండి. స్కూలు ప్లాస్టిక్ స్కేలుకి సున్నాకి ముందు కాస్త ఖాళీ ఉంటుంది, కొలత తప్పుతుంది. అకూస్టిక్ గిటార్‌లో అన్నిటికన్నా లావైన E తీగ కింద సుమారు రెండు, రెండున్నర మిల్లీమీటర్లు ఉంటే మంచిది. మూడున్నర, నాలుగు ఉంటే మీరు చేస్తున్నది ప్రాక్టీస్ కాదు, కుస్తీ. వాయిద్యాల షాపులో "సెటప్ చేయండి, నట్ కూడా చూడండి" అని అడగండి. నట్ గాళ్లు ఇంట్లో ఆకురాయితో గీకకండి. ఒక్క గీత ఎక్కువైతే ఉత్త తీగ ఫ్రెట్‌కి తగిలి బజ్ కొడుతుంది, కొత్త నట్ వేయించాల్సిందే.

షాపుకి వెళ్లే తీరిక వచ్చేదాకా ఒక ఉపాయం: 12 గేజ్ (గేజ్ అంటే తీగ లావు) తీగలు ఉంటే తీసేసి 11 గానీ 10 గానీ వేయండి. లేదా అన్ని తీగలూ అర స్వరం దించి ట్యూన్ చేసి మొదటి ఫ్రెట్‌లో కేపో (తీగలన్నీ నొక్కిపట్టే క్లిప్) పెట్టండి. శ్రుతి మారదు, నట్ ఎత్తు బాధ పోతుంది, బిగువూ తగ్గుతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా కొత్తవాళ్లకి వేళ్ల చివర కొన్ని వారాలు మంట తప్పదు. చర్మం గట్టిపడేదాకా రోజుకి కొంచెం కొంచెం. ఆదివారం మూడు గంటలు వాయించి బొబ్బలెక్కించుకుంటే వారమంతా సెలవే.

"మొన్నటిదాకా బాగుంది, ఇప్పుడు బజ్ వస్తోంది"

నెల చూడండి. బెంగళూరులో ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా మధ్యాహ్నాలు బాగా పొడిగా ఉంటాయి. చెక్కలో తేమ తగ్గితే అకూస్టిక్ పైపలక కాస్త కుంగుతుంది, తీగలు కిందికి దిగుతాయి, ఫ్రెట్లకి తగులుతాయి. గిటార్ మెడ అంచున చెయ్యి పోనిస్తే ఫ్రెట్ చివర్లు గరుగ్గా తగలడం కూడా ఇదే లక్షణం. వానాకాలంలో దీనికి రివర్స్: పలక ఉబ్బుతుంది, తీగలు పైకి లేస్తాయి, నొక్కడం కష్టమవుతుంది. చెన్నై నుంచి ట్రాన్స్‌ఫర్ మీద వచ్చినవాళ్ల గిటార్లు ఈ మార్పుకి మరీ అల్లాడతాయి.

గిటార్‌కి నచ్చే తేమ 45 నుంచి 55 శాతం. తేమ కొలిచే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ ఒకటి కొనుక్కుంటే ఊహాగానాలు తగ్గుతాయి. పొడి నెలల్లో సబ్బుపెట్టెకి చిల్లులు పెట్టి, అందులో తడిపి బాగా పిండిన స్పాంజి ముక్క ఉంచి, గిటార్ కేసులో పెట్టండి. స్పాంజి నుంచి నీళ్లు కారకూడదు. వానాకాలంలో దాని బదులు సిలికా జెల్ పొట్లాలు.

మరి స్టాండ్ మీద పెట్టమన్నారుగా అంటారు. నిజమే, రెండూ ఒకచోట పొసగవు. నా పద్ధతి ఇది: ఎలక్ట్రిక్, బేస్, లామినేట్ (పొరలు అతికించిన) పలక ఉన్న అకూస్టిక్ ఏడాదంతా స్టాండ్ మీదే. సాలిడ్ టాప్ (అతుకు పొరలు లేని అసలు చెక్క పైపలక) ఉన్న ఖరీదైన అకూస్టిక్ అయితే ఆ రెండు మూడు నెలలు కేసులో ఉంచి, కేసుని మాత్రం తాళం వేయకుండా మంచం మీదికే చేర్చాలి. బజ్ రాగానే యాలెన్ కీ తీసుకుని ట్రస్ రాడ్ (మెడ లోపలి వంపు సర్దే కడ్డీ) తిప్పడానికి దిగకండి. ముందు తేమ సరిచేసి కొన్ని రోజులు ఆగండి, చాలాసార్లు అదే సర్దుకుంటుంది. తిప్పక తప్పకపోతే ఒక్కసారికి పావు చుట్టు మించొద్దు.

"బేస్ వాయిస్తున్నాను గానీ ఏం వాయిస్తున్నానో నాకే తెలియట్లేదు"

నిజానికి రోజూ బేస్ తీయకుండా చేసే కారణాల్లో పెద్దది ఇదే. గిటార్‌ని ఉత్తగా వాయించినా వినపడుతుంది. బేస్ వినపడదు. ప్లగ్ పెట్టకుండా వాయిస్తే చెవికి చాలక కుడిచెయ్యి తెలియకుండానే గట్టిగా లాగుతుంది, ఎడమచెయ్యి పట్టు బిగిస్తుంది. కొన్నాళ్లకి అదే అలవాటవుతుంది. తర్వాత ఆంప్‌కి (యాంప్లిఫయర్) పెట్టగానే టకటకా ఫ్రెట్ల చప్పుడు, తాకని తీగలు మూలుగుతూ ఉండటం అన్నీ బయటపడతాయి.

సమస్యలో రెండో సగం ఫోన్ స్పీకర్. బేస్‌లో లావు E తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, గిటార్‌ది 82. ఫోన్ స్పీకర్ అంత కిందికి దిగదు. మనకి వినపడేది ఆ స్వరం పై పొరలు మాత్రమే. ఇళయరాజా పాట ఫోన్‌లో పెట్టుకుని బేస్ లైన్ పట్టుకుందామంటే, అసలు సరుకే అక్కడ లేదు. "నాకు చెవి లేదు" అని దిగులుపడేవాళ్లలో చాలామందికి లేనిది చెవి కాదు, హెడ్‌ఫోన్స్.

కాబట్టి బేస్ కొన్న బడ్జెట్‌లోనే వైరున్న హెడ్‌ఫోన్స్, బేస్‌కి నేరుగా గుచ్చే చిన్న హెడ్‌ఫోన్ ఆంప్ కూడా చేర్చండి. పాట ఆక్స్ కేబుల్ ద్వారా లోపలికి వెళ్లేది చూసుకోండి. ఇక్కడ బ్లూటూత్ పనికిరాదు. మామూలు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో శబ్దం 100 నుంచి 200 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. 120 బీపీఎంలో (నిమిషానికి 120 బీట్లు) బీట్‌కి నాలుగో వంతు అంటే 125 మిల్లీసెకన్లే. మీరు సరిగ్గా కొట్టినా చెవికి లేటుగా చేరుతుంది, దాంతో మీరు ముందుకు ఉరుకుతారు. అకూస్టిక్ వాయిస్తూ మెట్రోనోమ్ (లయకి టిక్ టిక్ కొట్టేది) ఒక్కటే బ్లూటూత్‌లో వింటే పర్లేదు, అప్పుడు ఆలస్యమయ్యేది క్లిక్ మాత్రమే, మీ శబ్దం కాదు.

హెడ్‌ఫోన్స్ పెట్టాక మొదటి పావుగంట పాటలు వద్దు. ఒక తీగ మీటండి, మిగతా మూడూ నిశ్శబ్దంగా ఉన్నాయా వినండి. బొటనవేలు పికప్ (తీగల కింద శబ్దాన్ని పట్టే భాగం) మీదే పాతుకుపోకుండా, మీరు వాయించే తీగకి పైనున్న తీగ మీద వాలుతూ కిందికి దిగాలి. వాయించిన స్వరం కన్నా ఆపిన స్వరం బేస్‌లో ఎక్కువ పని చేస్తుంది. దాన్ని ఎక్కడ ఆపుతున్నారో హెడ్‌ఫోన్స్‌లో తప్ప తెలియదు.

"బేస్ తర్వాత గిటార్ తీస్తే అంతా గజిబిజి"

కొలతలు వేరు. 1951లో ఫెండర్ ప్రెసిషన్ బేస్ వచ్చినప్పటి నుంచి బేస్‌కి 34 అంగుళాల స్కేలే (మోగే తీగ పొడవు) మామూలు, గిటార్‌కి 25.5 అటూఇటూ. బేస్ మీద నొక్కిన బలంతోనే గిటార్ నొక్కితే తీగ సాగి స్వరం షార్ప్ అవుతుంది, అంటే కాస్త పైకి జరుగుతుంది, ట్యూనర్ సరిగ్గానే ఉందని చూపిస్తున్నా కార్డ్ అపశ్రుతిగా మోగుతుంది. రెండూ వాయించే రోజున గిటార్ ముందు, బేస్ తర్వాత. బేస్ మొదటి ఫ్రెట్లలో నాలుగు వేళ్లని నాలుగు ఫ్రెట్లకి సాగదీసి హింసపడకండి. డబుల్ బేస్ వాళ్లు ఎప్పటినుంచో చేసేది చేయండి: మూడు ఫ్రెట్లకి చూపుడువేలు, మధ్యవేలు, చిటికెనవేలు. ఉంగరం వేలు చిటికెనకి తోడు ఉంటుంది.

"రోజూ వాయిస్తున్నా, ఎక్కడున్నానో అక్కడే"

వచ్చినదే వాయిస్తున్నారు. ఫోన్‌లో రికార్డు చేసి వినండి, అయిదు నిమిషాల్లో జబ్బు దొరుకుతుంది: ప్రతిసారీ ఒకే కార్డ్ మార్పు దగ్గర చెయ్యి తడబడుతూ ఉంటుంది. పాటలో ఆ రెండు బార్లే (తాళం చుట్లే) తీసుకుని, తప్పు లేకుండా వచ్చేంత నిదానంలో, 60 అయినా 50 అయినా సరే, మెట్రోనోమ్ పెట్టి వాయించండి. మర్నాడు అక్కడి నుంచే కాస్త పెంచండి. అది కుదిరాక క్లిక్‌ని రెండో, నాలుగో బీట్ల మీద మాత్రమే ఊహించుకుని వాయించండి, లయ మీ దగ్గరుందో మెషీన్ దగ్గరుందో తేలిపోతుంది. గడువు ఉంటేగానీ కదలని మనుషులు ట్రినిటీ రాక్ అండ్ పాప్ గ్రేడ్ పరీక్షకి కట్టుకోవచ్చు, గిటార్‌కీ బేస్‌కీ వేర్వేరు సిలబస్ ఉంది.

"అన్నా, నీ బేస్‌కి నా మంచం వణుకుతోంది"

ఆంప్ నేల మీదుంది. కుర్చీ మీదికెక్కించండి, కింద మందపాటి దుప్పటి మడతపెట్టండి. రాత్రి పది తర్వాత హెడ్‌ఫోన్సే. పీజీ ఆంటీ ఒకసారి తిట్టిందంటే వారం దాకా గిటార్ వైపు చూడబుద్ధి కాదు.

"ఆంప్‌లో గుయ్ మంటోంది"

తీగలు ముట్టుకోగానే తగ్గితే భయం లేదు. సింగిల్ కాయిల్ పికప్‌లకి కరెంటు 50 హెర్ట్జ్ హమ్ సహజం. ట్యూబ్‌లైట్, ల్యాప్‌టాప్ ఛార్జర్ దూరం జరపండి. కానీ తీగ ముట్టుకుంటే చేతికి జిల్లుమంటే ఆ క్షణమే ప్లగ్ తీసేయండి. ఎర్తింగ్ లేని రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్సుల్లో ఇది వస్తుంది. ఎలక్ట్రీషియన్ చూసేదాకా ఆ సాకెట్‌లో వాయించొద్దు.

"తీగలు నల్లబడి చప్పగా మోగుతున్నాయి"

మెస్‌లో ఆవకాయ అన్నం తిని చెయ్యి పైపైన కడుక్కుంటే ఆ నూనె నేరుగా మీటే వేళ్లతో బేస్ తీగల చుట్టల్లోకి చేరుతుంది. సబ్బుతో కడుక్కోండి, వాయించాక పాత బనీను గుడ్డతో పైనా కిందా తుడవండి. బేస్ తీగల సెట్ ధర తెలిసినవాళ్లకి ఈ ముక్క రెండోసారి చెప్పక్కర్లేదు.

"వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి"

వేలి కొన మంట వేరు, ఇది వేరు. రోజంతా కీబోర్డు, ఆపైన మణికట్టు వంచి గిటార్. బొటన, చూపుడు, మధ్య వేళ్లలో తిమ్మిరి అయితే మణికట్టు దగ్గరి నరం, చిటికెన, ఉంగరం వేళ్లలో అయితే మోచేతి వైపు నరం నలుగుతూ ఉండొచ్చు. కూర్చున్నా స్ట్రాప్ వేసుకోండి, మణికట్టు నిటారుగా ఉండేలా గిటార్ మెడని కాస్త పైకెత్తండి. కొన్ని రోజులు ఆపినా తగ్గకపోతే, రాత్రి నిద్రలో తిమ్మిరి లేపుతుంటే, డాక్టరుకి చూపించాల్సిందే. యూట్యూబ్ స్ట్రెచ్‌లతో కాలయాపన చేయొద్దు.

"సంక్రాంతికి ఊరెళ్లొచ్చాక మళ్లీ మొదలవ్వట్లేదు"

వేళ్ల చివర్లు మెత్తబడ్డాయి, చెయ్యి బరువెక్కింది, పాత స్పీడ్ రాదు, దాంతో విసుగు. వచ్చిన మొదటి రెండు రోజులు కొత్తది ఏదీ వద్దు. ట్యూన్ చేసి, బాగా వచ్చిన పాట ఒకటి మామూలు కన్నా నిదానంగా వాయించి పెట్టేయండి. మూడో రోజు నుంచి పాత టైంటేబుల్. గిటార్ ఊరికి తీసుకెళ్తే మాత్రం బస్సు డిక్కీలో పడేయకండి. ఎండకి ఆ డబ్బా కాలిపోతుంది, పైన సూట్‌కేసులు పడతాయి. స్లీపర్‌లో కాళ్ల దగ్గర పడుకోబెట్టుకోండి.