మబ్బులోని పాటలు మన డిస్కులోకి – 3వ పాఠం: నీలి మబ్బు గుర్తు సంగతి

ఈసారి ట్యాగుల (పాట ఫైల్ లోపలే ఉండే పేరు, గాయకులు, ఆల్బమ్ వివరాలు) పని మొదలుపెట్టాలి. కానీ క్లౌడ్‌లో, అంటే నెట్‌లోని మన ఖాతాలో (దాన్నే మబ్బు అంటున్నాను) ఉన్న పాటల్ని జిప్పులుగా (చాలా ఫైళ్లను ఒకే ఫైల్‌గా కట్టిన మూటలు) దించుకోండని పోయిన పాఠంలో చెప్పాక మీరు అడిగినవి చూస్తే, చాలామంది ఇంకా విప్పే దగ్గరే ఇరుక్కున్నారు. కొందరైతే ఇంకో అడుగు ముందుకేసి, పాటలు దిగాయో లేదో చూసుకోకుండానే క్లౌడ్‌లో డిలీట్ కొట్టేశారు. ట్యాగులు వచ్చేసారి చూద్దాం.

డిలీట్ కొట్టినవాళ్లు ముందు బ్రౌజర్‌లో మీ ఖాతా తెరిచి ట్రాష్ చూడండి. గూగుల్ డ్రైవ్‌లోనూ, వన్‌డ్రైవ్ వ్యక్తిగత ఖాతాలోనూ, డ్రాప్‌బాక్స్ ఉచిత ఖాతాలోనూ తీసేసినవి 30 రోజులు ఉంటాయి. రిస్టోర్ నొక్కండి, టెన్షన్ తగ్గాక వచ్చి మిగతాది చదవండి.

ఒకే ఆల్బమ్, మూడు చోట్ల

అందరూ అడిగింది ఇదే. పన్నెండు పాటల ఆల్బమ్‌లో ఏడు ఒక ఫోల్డర్లో, నాలుగు ఇంకో ఫోల్డర్లో ఉన్నాయి, ఒకటి అసలు దొరకలేదు. మీరేం తప్పు చేయలేదు. గూగుల్ డ్రైవ్‌లో పెద్ద ఫోల్డర్ మీద డౌన్‌లోడ్ నొక్కితే అది మొత్తాన్నీ ఒక్క జిప్‌గా ఇవ్వదు, ముక్కలు చేసి ఇస్తుంది. ఆ ముక్కలు చేసేటప్పుడు ఏది ఏ ఆల్బమ్‌లోదని చూడదు. ప్రతి ముక్కా దానికదే పూర్తి జిప్, విడిగా తెరుచుకుంటుంది. అందుకే ఒక్కొక్కటీ విడిగా విప్పుకుంటూ పోయినవాళ్లకి ఒక్కో జిప్‌కి ఒక్కో ఫోల్డర్ తయారై, ఆల్బమ్ చెల్లాచెదురైంది.

దీనికి నేను వాడేది 7-జిప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. విండోస్‌తో వచ్చేది కూడా పనిచేస్తుంది కానీ వందల ఫైళ్ల దగ్గర నాకు దాని నెమ్మదితో వేగడం కష్టం. జిప్పులన్నీ ఒకే చోట పెట్టి, అన్నిటినీ ఒకేసారి సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్‌లో 'ఎక్స్‌ట్రాక్ట్ హియర్' అనండి. ఒకే పేరున్న ఫోల్డర్లు కలిసిపోతాయి. మధ్యలో 'ఈ పేరుతో ఫైల్ ఉంది, దాని మీద రాయనా' అని అడిగితే సరే అనకండి, 'ఆటో రినేమ్' ఎంచుకోండి. ఎందుకంటే గూగుల్ డ్రైవ్ ఒకే ఫోల్డర్లో ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఉంచనిస్తుంది, మన డిస్క్ ఉంచనివ్వదు. 'ట్రాక్ 01' అనే పేరుతో రెండు వేరే పాటలు ఉన్నాయనుకోండి, ఓవర్‌రైట్ అంటే ఒకటి పోతుంది, పోయినట్టు కూడా తెలియదు.

ఇప్పటికే విడివిడిగా విప్పేసినవాళ్లు మళ్లీ దించక్కర్లేదు. జిప్పులు ఉంచే ఉంటారు కదా? విప్పిన ఫోల్డర్లు తీసేసి, పైన చెప్పినట్టు మళ్లీ విప్పండి. జిప్పులు కూడా తీసేసినవాళ్లు ఆ ఫోల్డర్లలో ఉన్నదాన్ని ఒకే చోటికి కాపీ చేస్తే విండోస్ కలిపేస్తుంది.

గూగుల్ టేకౌట్ (ఖాతాలో ఉన్నదంతా మూటలుగా కట్టి ఇచ్చే గూగుల్ సేవ) దారిలో వచ్చినవాళ్లకి ముక్క సైజు ఎంచుకునే వీలుంది: 1, 2, 4, 10, 50 జీబీ. ముక్కలు తక్కువైతే మేలని చాలామంది 50 పెట్టారు. నేను 10 దాటను. నలభై జీబీ దిగాక నెట్ పోతే మళ్లీ మొదటికి రావడం ఎవరికి కావాలి? టేకౌట్ లింక్ సుమారు వారం రోజులే పనిచేస్తుంది, ఒక్కో ముక్కని ఐదుసార్లకు మించి దించనివ్వదు. అంటే రెండు మూడు సార్లు తెగిపోయినా చాలు, లెక్క దగ్గరపడుతుంది.

'పెన్‌డ్రైవ్‌లో 60 జీబీ ఖాళీ ఉన్నా జిప్ పట్టడం లేదు' అన్నవాళ్లకు: అది ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటుంది. అందులో ఒక్కో ఫైల్ 4 జీబీ లోపే ఉండాలి. ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి. ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నవన్నీ పోతాయని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

తెలుగు పేర్లు

రెండు రకాల ఫిర్యాదులు వచ్చాయి. మొదటిది, విప్పాక పేర్లన్నీ పిచ్చి గుర్తులుగా మారడం. పాత విప్పే సాఫ్ట్‌వేర్లు జిప్ లోపలి పేర్లను యూనికోడ్‌గా (అన్ని భాషల అక్షరాలకూ పనికొచ్చే పద్ధతిలో) చదవకపోవడం వల్ల ఇలా అవుతుంది. పాటలకేమీ కాలేదు. ఆ ఫోల్డర్ తీసేసి అదే జిప్‌ని 7-జిప్‌తో విప్పండి. ఒక్కొక్క పేరూ కూర్చుని చేత్తో సరిచేస్తున్నవాళ్లు దయచేసి ఆపండి.

రెండోది కాస్త తమాషాగా ఉంటుంది. కంప్యూటర్లో బాగానే ఉన్న ఫైల్ ఫోన్‌లోకి కాపీ కానంటుంది. అది కూడా పొడుగు తెలుగు పేర్లున్నవే. ఆండ్రాయిడ్ ఫోన్లలో, లినక్స్‌లో ఫైల్ పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైట్ సరిపోతుంది. తెలుగులో ఒక్కో గుర్తుకు 3 బైట్లు కావాలి, పైగా గుణింతం, పొల్లు, ఒత్తు అన్నీ వేరువేరు గుర్తుల కిందే లెక్క. 'లక్ష్మి' అన్నది మన కంటికి రెండక్షరాలు. లోపల మాత్రం ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఏడు గుర్తులు, అంటే 21 బైట్లు. ఇలా 85 గుర్తులకే పేరు నిండిపోతుంది. విండోస్ బైట్లు కాకుండా యూనికోడ్ గుర్తుల్నే లెక్కపెడుతుంది కాబట్టి అక్కడ ఇబ్బంది రాలేదు. పాట పేరు, సినిమా పేరు, గాయకుల పేర్లు అన్నీ ఫైల్ పేరులోనే కుక్కడం మానేయడమే మందు (ఉన్న పేర్లు మార్చడం మాత్రం వచ్చే పాఠం దాకా ఆపండి). ఆ వివరాలు ఉండాల్సింది ట్యాగుల్లో. నేనైతే ఫైల్‌కి ట్రాక్ నంబర్, పాట పేరు, ఫోల్డర్‌కి సంవత్సరం, ఆల్బమ్ పేరు, అంతే పెడతాను.

కనిపిస్తోంది, వినిపిస్తోంది, కానీ దిగలేదు

ఇప్పుడు నాకు నిజంగా చిరాకు తెప్పించే విషయం. జిప్పుల గొడవ వద్దనుకుని వన్‌డ్రైవ్, డ్రాప్‌బాక్స్, గూగుల్ డ్రైవ్ యాప్‌ని కంప్యూటర్లో వేసుకున్నవాళ్లందరూ ఇది చదవాలి.

యాప్ వేయగానే ఫోల్డర్లన్నీ కనిపిస్తాయి. ఆల్బమ్‌లు, పాటల పేర్లు, సైజులతో సహా. డబుల్ క్లిక్ చేస్తే పాట మోగుతుంది. ఇంకేం కావాలి, దిగిపోయాయి అనుకుంటారు. దిగలేదు. అక్కడ ఉన్నది పుస్తకం అట్ట మాత్రమే, లోపల పేజీల్లేవు. మీరు క్లిక్ చేసిన క్షణంలో యాప్ నెట్‌లోంచి ఆ ఒక్క పాటని లాక్కొచ్చి వినిపిస్తోంది. ఫైబర్ నెట్ ఉన్నవాళ్లకి ఆ రెండు సెకన్ల తేడా కూడా తెలియదు. 'వినిపిస్తోంది కదండీ' అని నాతో వాదించినవాళ్లంతా వేగంగా నెట్ వచ్చేవాళ్లే.

విండోస్‌లో వన్‌డ్రైవ్ అయితే ఒక పాట మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. 'సైజ్' అని ఒక వరస ఉంటుంది: 8.41 ఎంబీ. దాని కిందే 'సైజ్ ఆన్ డిస్క్' అని ఇంకో వరస: 0 బైట్లు. చూడాల్సింది ఈ రెండో వరసే. నిజంగా దిగిన ఫైల్‌కి రెండు అంకెలూ దాదాపు ఒకటే ఉంటాయి, కిందిది రవ్వంత ఎక్కువ కూడా ఉండొచ్చు. మొత్తం ఫోల్డర్ మీద కూడా ఇలాగే చూడొచ్చు. పైన 40 జీబీ, కింద 3 జీబీ అని ఉంటే 37 జీబీ పాటలు ఇంకా మబ్బులోనే ఉన్నాయన్నమాట.

గుర్తులు కూడా చెబుతాయి. ఫైల్ పక్కన నీలి గీతలతో ఖాళీ మబ్బు ఉంటే అది ఆన్‌లైన్‌లో మాత్రమే ఉంది. తెల్లటి గుండ్రంలో ఆకుపచ్చ టిక్ ఉంటే ప్రస్తుతానికి దిగింది. ప్రస్తుతానికి అని ఎందుకన్నానంటే, స్టోరేజ్ సెన్స్ అనే విండోస్ సదుపాయం ఆన్‌లో ఉండి, కొన్నాళ్లు వాడని ఫైళ్లను వెనక్కి పంపేలా సెట్ చేసి ఉంటే, అది మళ్లీ ఖాళీ మబ్బు అవుతుంది. నిండు ఆకుపచ్చ గుండ్రంలో తెల్ల టిక్ ఉంటేనే అది ఎప్పటికీ ఇక్కడ ఉంచమని మీరు చెప్పినట్టు. ఫోల్డర్ మీద రైట్ క్లిక్‌లో 'ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్' నొక్కితే ఆ గుర్తు వస్తుంది. వెంటనే రాదు, అన్నీ దిగేదాకా ఆగాలి.

గూగుల్ డ్రైవ్ యాప్‌లో 'స్ట్రీమ్', 'మిర్రర్' అని రెండు పద్ధతులుంటాయి. స్ట్రీమ్‌లో వేరే డ్రైవ్ అక్షరంతో కనిపించేదంతా మీ డిస్కులో లేదనే అనుకోండి. మిర్రర్‌కి మార్చండి, అప్పుడే ఫైళ్లు డిస్కులోకి దిగుతాయి. డ్రాప్‌బాక్స్‌లో 'ఆన్‌లైన్ ఓన్లీ' తీసేసి ఆఫ్‌లైన్‌లో ఉంచమనాలి. మ్యాక్‌లో ఐక్లౌడ్ డ్రైవ్ వాడేవాళ్లు 'ఆప్టిమైజ్ మ్యాక్ స్టోరేజ్' ఆపేయండి.

ఇదంతా చేశాక కూడా పని పూర్తికాలేదు. సింక్ ఫోల్డర్లో (క్లౌడ్‌తో సమానంగా ఉండేలా యాప్ చూసుకునే ఫోల్డర్) ఉన్న పాట ఇంకా క్లౌడ్‌కి కట్టేసే ఉంటుంది. ఇక్కడ తీసేస్తే అక్కడా పోతుంది, అక్కడ తీసేస్తే ఇక్కడా పోతుంది. 'కంప్యూటర్లోకి వచ్చాయి కదా అని వెబ్‌సైట్‌లో తీసేశాను, కంప్యూటర్లోవీ మాయమయ్యాయి' అన్నవాళ్లకి జరిగింది ఇదే. 'కంప్యూటర్ నిండిపోయిందని ఇక్కడ తీసేశాను' అన్నవాళ్లకి జరిగిందీ ఇదే, దిక్కే వేరు.

కాబట్టి సింక్ ఫోల్డర్‌కి బయట ఇంకో ఫోల్డర్ పెట్టండి. విండోస్‌లో డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్ కూడా వన్‌డ్రైవ్ కిందికే వెళ్లి ఉండొచ్చు, అక్కడ వద్దు. డిస్క్ తెరవగానే కనిపించే చోట, వేరే ఏ ఫోల్డర్ లోపలా కాకుండా, 'పాటలు' అని కొత్త ఫోల్డర్ చేయండి. సింక్ ఫోల్డర్లోంచి అందులోకి కాపీ చేయండి. కట్ చేయకండి. కట్ చేసి బయట పేస్ట్ చేస్తే, సింక్ యాప్ దృష్టిలో మీరు ఆ ఫైల్‌ని డిలీట్ చేసినట్టే, క్లౌడ్‌లోనూ తీసేస్తుంది. కాపీ అయితే అసలుది కదలదు. పాటలు మీవయ్యేది ఈ కాపీ పూర్తయ్యాకే.

నల్ల తెరలో ఆదేశాలు టైప్ చేయడానికి జంకనివాళ్లు ఆర్‌క్లోన్ (క్లౌడ్ ఫైళ్లను ఆదేశాలతో లాగే సాఫ్ట్‌వేర్) వాడుకోండి. నేను యాప్‌లన్నీ తీసేసి దానితోనే లాగుతాను. అక్కడా ఇదే ఉచ్చు ఉంది. దాని 'కాపీ' ఆదేశం కావాల్సినవి తెస్తుంది. 'సింక్' ఆదేశం తెచ్చేది తెచ్చి, అటువైపు లేనివాటిని ఇటువైపు తీసేస్తుంది. మీ ఫోల్డర్లో ముందునుంచీ ఉన్న పాత పాటలు అలా పోతాయి. కాపీ మాత్రమే వాడండి. మొదటిసారి 'డ్రై రన్' పెట్టి ఏం చేయబోతోందో చూడండి. అయ్యాక 'చెక్' ఆదేశంతో రెండు వైపులా సరిపోల్చుకోండి.

ఆపిల్ వాళ్లకు రెండు మాటలు

మ్యూజిక్ యాప్‌లో పాటల జాబితాకి పైనుండే శీర్షికల వరస మీద రైట్ క్లిక్ చేసి 'క్లౌడ్ స్టేటస్' నిలువు వరస తెచ్చుకోండి. 'అప్‌లోడెడ్' అంటే మీరు ఎక్కించినదే దిగుతుంది, కానీ ఏఎల్ఏసీ, వావ్ లాంటి నాణ్యత తగ్గించని ఫైళ్లయితే ఎక్కించేటప్పుడే 256 కేబీపీఎస్ ఏఏసీగా మారిపోయి ఉంటాయి. 'మ్యాచ్డ్' అంటే మీది కాకుండా ఆపిల్ దగ్గరున్న 256 కేబీపీఎస్ ఏఏసీ ప్రతి (కేబీపీఎస్ అంటే సెకనుకి ఎంత డేటా అన్న లెక్క, ఏఏసీ అంటే ఎంపీ3 లాంటి ఒక ఫార్మాట్) దిగుతుంది. మీ పాత ఫైల్ అంతకంటే మంచిదైతే దాన్ని పారేయకండి. 'ఆపిల్ మ్యూజిక్' అని ఉన్నవి తాళం వేసిన ఫైళ్లు, చందా ఆగితే మోగవు. స్పాటిఫై డౌన్‌లోడ్‌లూ అంతే, 30 రోజులకు ఒక్కసారైనా నెట్ చూపించకపోతే పాడవు. అవి మన లెక్కలోకి రావని మొదటి పాఠంలోనే అనుకున్నాం, అయినా మళ్లీ అడిగారు.

ఫోన్‌లోకి

క్లౌడ్ నుంచి ఫోన్‌కి నేరుగా దించకండి. ముందు కంప్యూటర్, అక్కడినుంచి ఫోన్. ఆండ్రాయిడ్ అయితే కేబుల్ పెట్టి 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' ఎంచుకుని మ్యూజిక్ ఫోల్డర్లో వేయండి. ఐఫోన్ అయితే వీఎల్‌సీ అనే ప్లేయర్ యాప్ వేసుకుని, అందులోని వైఫై షేరింగ్ ద్వారా కంప్యూటర్ బ్రౌజర్‌ నుంచి పంపండి. చోటు ఎంత కావాలంటే, 320 కేబీపీఎస్ ఎంపీ3 నిమిషానికి 2.4 ఎంబీ. ఐదు నిమిషాల పాటలు వెయ్యి ఉంటే 12 జీబీ.

అభ్యాసం

ఒక సెలవు రోజు పెట్టుకోండి, గంటలో అయ్యేది కాదు.

క్లౌడ్ యాప్‌ని పూర్తిగా మూసేసి, వైఫై ఆపేయండి. 'పాటలు' ఫోల్డర్లోంచి ఇరవై పాటలు ఏరండి. మీకిష్టమైనవి వద్దు, ఒక్కో ఆల్బమ్‌లో చివరివి, పేరు పొడుగ్గా ఉన్నవి, అన్నిటికంటే పాతవి తీసుకోండి. ఒక్కో పాటనీ చివరి పది సెకన్ల దగ్గరకి జరిపి వినండి. సగంలో తెగిన ఫైల్ మొదట్లో హాయిగా మోగుతుంది, దాని గుట్టు చివర్లోనే బయటపడుతుంది. తర్వాత ఆ ఫోల్డర్‌ని ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేసి, డిస్క్ తీసి, మీ క్లౌడ్ ఖాతా ఎప్పుడూ తెరవని ఇంకో కంప్యూటర్‌కి పెట్టి, అక్కడా ఆ ఇరవై పాటలూ వినండి. రెండుచోట్లా ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు బైట్లతో సహా రాసుకుని పోల్చండి.

ఒక్క పాట తెగినా ఆ జిప్ మొత్తం మళ్లీ దించండి. అన్నీ సరిగ్గా ఉన్నా క్లౌడ్‌లో ఏదీ తీసేయకండి. పేర్లు మార్చడం, ఫోల్డర్లు సర్దడం కూడా ఇప్పుడే వద్దు. వచ్చే పాఠంలో ట్యాగులు దిద్దేటప్పుడు పాత పేర్లతో సరిచూసుకోవాల్సి ఉంటుంది.