ఎంక్వైరీ చిట్టాతో మొదలుపెట్టండి: కడప ప్రాంత వ్యాపారాలలో మార్కెటింగ్ ఉద్యోగానికి చేరేవారికి

కడప, ప్రొద్దుటూరు, ఎర్రగుంట్ల వంటి ఊళ్లలో ఒక మధ్యతరహా వ్యాపారానికి మార్కెటింగ్ ఉద్యోగిగా చేరినవారికి పని నేర్పే పై అధికారి సాధారణంగా ఉండరు. పని అప్పగించేది నేరుగా యజమానే. పెట్టిన ఖర్చుకు సరుకు ఎంత కదిలిందని ఆయన అడుగుతారు. దానికి జవాబు ఫేస్‌బుక్ చూపించే లైకులలో దొరకదు. ప్రతి ఎంక్వైరీ ఎక్కడి నుంచి వచ్చిందో, చివరికి ఏమైందో తేదీల వారీగా రాసిపెట్టుకున్న చిట్టాలోనే దొరుకుతుంది. కాబట్టి ఏ సాధనం జోలికి వెళ్లకముందే ఆ చిట్టా తయారు చేసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

కడప బండలు పాలిష్ చేసి అమ్మే ఒక ఫ్యాక్టరీని ఉదాహరణగా తీసుకుందాం. గూగుల్ షీట్స్‌లో ఒక ఫైలు తెరిచి, తేదీ, పేరు, ఫోను నంబరు, ఊరు, అడిగిన మనిషి ఇల్లు కట్టుకుంటున్నవారా, మేస్త్రీయా, కాంట్రాక్టరా అన్న వివరం, కావలసిన రకం, ఎన్ని చదరపు అడుగులు, మన సంగతి ఎలా తెలిసింది, చెప్పిన ధర, మళ్లీ ఫోను చేయవలసిన రోజు, చివరికి ఏమైంది అని వరుసగా గడులు పెట్టుకోవాలి. వీటిలో 'ఎలా తెలిసింది', 'చివరికి ఏమైంది' అన్న రెండు గడులకు డ్రాప్‌డౌన్ (ముందే పెట్టుకున్న జాబితా నుంచి ఎంచుకునే ఏర్పాటు) తప్పనిసరి. ఎవరికి తోచినట్లు వారు రాస్తే ఒకచోట ఇన్‌స్టా, ఒకచోట ఇన్‌స్టాగ్రామ్, మరోచోట రీల్ చూసి అని పడుతుంది. నెలాఖరున పివట్ టేబుల్ (ఏ దారిన ఎన్ని వచ్చాయో కూడి చూపే పట్టిక) వేసినప్పుడు ఒకే దారి మూడు దారులుగా కనిపిస్తుంది.

బేరం కుదరని చోట కారణం రాయడం అన్నిటికంటే ముఖ్యం, అందరూ వదిలేసేదీ అదే. 'రాలేదు' అని రాసి ఊరుకోకుండా ధర ఎక్కువన్నారా, లారీ కిరాయి దగ్గర ఆగిపోయారా, నమూనా నచ్చలేదా, మనం ఆలస్యంగా జవాబిచ్చామా అన్నది విడివిడిగా నమోదు చేయాలి. బెంగళూరు నుంచి వచ్చిన చిన్న ఆర్డర్లు వరుసగా లారీ కిరాయి దగ్గరే పోతున్నట్లు తేలిందనుకోండి. అప్పుడు ప్రకటన ఖర్చు పెంచినా ప్రయోజనం లేదు. నాలుగైదు చిన్న ఆర్డర్లను ఒకే లోడుకు కలిపి పంపే ఏర్పాటు చేసి, ఇంటి దగ్గరికి దింపే ధరనే ప్రకటనలో చెప్పాలి. ఇలాంటి మాట యజమాని దగ్గర ధైర్యంగా చెప్పగలగాలంటే చిట్టా చేతిలో ఉండాలి.

ఫోను ఎత్తేది మీరు కాకపోవచ్చు. గుమాస్తాయో, యజమాని తమ్ముడో ఎత్తుతారు. వాళ్లకు నేర్పవలసింది ఒక్క ప్రశ్న. కొలతలు, ధర మాట్లాడుకోవడం పూర్తయ్యాక, పెట్టేసే ముందు, "మా ఫ్యాక్టరీ సంగతి మీకు ఎట్లా తెలిసిందన్నా?" అని అడగాలి. మొదట్లోనే అడిగితే అవతలివారికి విసుగు వస్తుంది. పనివారు షీటులో రాయలేకపోతే బల్ల మీద ఒక నోటుపుస్తకం పెట్టి, రోజూ సాయంత్రం మీరే ఎక్కించుకోవాలి.

చిట్టా నడవడం మొదలయ్యాక గూగుల్‌లో వెతికినప్పుడూ మ్యాపులోనూ మన వ్యాపారం వివరాలు చూపే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ సంగతి చూడండి. ఇది ఉచితం. బోర్డు మీద ఉన్న పేరునే పెట్టాలి. పేరు పక్కన 'కడపలో నంబర్ వన్ బండలు' లాంటి మాటలు చేరిస్తే గూగుల్ ప్రొఫైల్‌ను నిలిపివేసే ప్రమాదం ఉంది. మ్యాపులో గుర్తు సరిగ్గా గేటు దగ్గర పడిందో లేదో ఒకసారి బండి మీద వెళ్లి సరిచూసుకోవాలి, ఎందుకంటే లారీ డ్రైవర్లు దాన్ని నమ్ముకునే వస్తారు. కొన్నవారిని సమీక్ష రాయమని అడగవచ్చు గాని, దానికి బదులుగా తగ్గింపు ఇస్తామనడం గూగుల్ నియమాలకు విరుద్ధం. ఇక ప్రొఫైల్‌కు ప్రధాన యజమానిగా సంస్థ మెయిలే ఉండాలి. మీరు మేనేజరుగా మాత్రమే చేరాలి.

వాట్సాప్ బిజినెస్‌లో చేయవలసిన పని ఇంతకంటే ఎక్కువ. క్యాటలాగులో పెట్టే ప్రతి బండకూ పగటి వెలుతురులో తీసిన రెండు ఫొటోలు ఉండాలి: ఒకటి పొడిగా ఉన్నప్పటిది, రెండోది తడిపినప్పటిది. తడిస్తే రంగు బాగా నలుపెక్కుతుంది కాబట్టి ఒక్క తడి ఫొటోనే పెడితే సరుకు దిగాక తగాదా వస్తుంది. మందం తెలిసేలా అంచు దగ్గర టేపు పెట్టి మరో ఫొటో తీస్తే ఇంకా మంచిది. పదే పదే వచ్చే ప్రశ్నలకు క్విక్ రిప్లైలు, అంటే ముందే సిద్ధంగా ఉంచే జవాబులు, రాసిపెట్టుకోండి, వాటిలో నిజమే రాయండి. వంటగట్టు మీద నిమ్మరసం పడితే మరక పడుతుందా అని గృహిణులు అడుగుతారు. కడప బండ సున్నపురాయి జాతిది కనుక పులుపు తగిలిన చోట పాలిష్ దెబ్బతింటుంది. మరక ఇంకకుండా పూసే సీలర్ పూయించుకుని, పడిన వెంటనే తుడుచుకోవాలని ముందే చెప్పినవారి మాటకు తరువాత విలువ ఉంటుంది. వాట్సాప్‌లో ఒక్కో చాట్‌కు తగిలించే లేబుళ్లను కూడా చిట్టాలోని మాటలతోనే పెట్టుకుంటే రెండూ సరిపోలుతాయి. ఒకే సందేశాన్ని చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితాకు 256 మంది పరిమితి ఉంది, పైగా మన నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికే ఆ సందేశం చేరుతుంది. అందువల్ల బిల్లు ఇచ్చేటప్పుడే నంబరు దాచుకోమని కోరాలి.

వెబ్‌సైటు ఉన్నవారు ప్రతి లింకుకూ యూటీఎం గుర్తులు, అంటే చూసినవారు ఏ దారిన వచ్చారో తెలిపేందుకు లింకు చివర చేర్చే మాటలు, తగిలించాలి. ఏ వేదిక, ఏ తరహా ప్రచారం, ఏ ప్రచారం అన్న మూడు చాలు. అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాలలోనే రాయాలి; పెద్ద అక్షరం ఒకటి పడితే, వెబ్‌సైటుకు వచ్చినవారి లెక్క చూపే గూగుల్ అనలిటిక్స్ దాన్ని వేరే దారిగా లెక్కిస్తుంది. అదే అనలిటిక్స్‌లో విడివిడి సందర్శనల సమాచారం నిలిచే కాలం మొదట 2 నెలలుగా ఉంటుంది. సెట్టింగులలో దాన్ని 14 నెలలకు మార్చకపోతే, నిరుటి దసరాతో ఈ దసరాను పోల్చి లోతుగా చూడాలనుకున్నప్పుడు ఆ సమాచారం దొరకదు.

డబ్బు పెట్టి ప్రకటన ఇచ్చేటప్పుడు ఎవరికి చూపించాలో చిట్టాయే చెబుతుంది. కొనేవారు చుట్టుపక్కల మేస్త్రీలైతే కడప చుట్టూ కొన్ని కిలోమీటర్ల వరకే పెట్టాలి. కాంట్రాక్టర్లైతే బెంగళూరుకు వేరుగా, చెన్నైకి వేరుగా, ఆ ఊరి భాషలో పెట్టాలి. ఒకసారి ఒక్క మార్పే చేయాలి. ఫొటో, మాట, ఊరు మూడూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎవరూ చెప్పలేరు. ప్రకటన ఖర్చు మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది కనుక బడ్జెట్ అడిగేటప్పుడు దాన్ని కలిపే అడగండి; సంస్థ జీఎస్టీ నంబరును ప్రకటన ఖాతాలో నమోదు చేయిస్తే ఆడిటరు దాని గురించి చూసుకుంటారు.

తెలుగులో రాసే విషయంలో ఒక ఇబ్బంది ప్రింటింగ్ ప్రెస్సుల నుంచి వస్తుంది. కరపత్రం కోసం అను ఫాంట్లలో కొట్టిన మాటర్‌ను తెచ్చి ఫేస్‌బుక్‌లో అతికిస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి, ఎందుకంటే అది యూనికోడ్ (ఫోన్లూ వెబ్‌సైట్లూ అన్నీ చదవగలిగే అక్షరాల పద్ధతి) కాదు. దాన్ని మార్పిడి చేసుకోవాలి, లేదా మళ్లీ టైపు చేసుకోవాలి. పోస్టరు తయారు చేసేటప్పుడు వరుసల మధ్య ఖాళీ ఇంగ్లీషుకు ఇచ్చినదాని కంటే ఎక్కువ ఇవ్వండి. లేకపోతే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. చాట్‌జీపీటీ వంటి వాటితో చిత్తుప్రతి రాయించుకోవడంలో తప్పు లేదు, కానీ దాన్ని పైకి చదివి వినాలి. జమ్మలమడుగు మేస్త్రీ నోట రాని మాట ఏదైనా ఉంటే తీసేయాలి. ధరలు, కొలతలు మాత్రం ఎప్పుడూ మీ చేత్తోనే వేయండి.

రోజువారీ సమయం గురించి చెప్పవలసింది కొంచెమే. పొద్దున్నే చిట్టా తెరిచి ఆ రోజు ఫోను చేయవలసినవారికి చేయాలి, ఆ తరువాతే సామాజిక మాధ్యమాలు తెరవాలి. వారానికి కావలసిన పోస్టులను ఒకే పూటలో తయారు చేసి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పోస్టులను ఒకేచోట నడిపే మెటా బిజినెస్ సూట్‌లో తేదీలు వేసి పెట్టుకుంటే మిగిలిన రోజులు ఎంక్వైరీలకు దక్కుతాయి.

చిట్టాలో ఉన్నవి మనుషుల పేర్లు, నంబర్లు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమ్మతికి పెద్దపీట వేసింది. బండల కోసం ఇచ్చిన నంబరును యజమాని బావమరిది ప్లాట్ల వ్యాపారానికి ఇవ్వమని అడిగినా ఇవ్వకూడదు. వద్దన్నవారి పేరును జాబితా నుంచి ఆ రోజే తొలగించాలి.

ఉద్యోగంలో పైకి రావడానికి కూడా ఇదే చిట్టా ఆధారం. గూగుల్ శిక్షణ సైటు స్కిల్‌షాప్‌లో ఉచితంగా దొరికే సర్టిఫికెట్లు ఇంటర్వ్యూ దాకా తీసుకువెళతాయి. అక్కడ మాత్రం ఏం చేశారని అడుగుతారు. మూడు నెలలకు ఒకసారి ఒక్క పేజీ నివేదిక రాసి యజమానికి ఇవ్వండి: ఏ దారిన ఎన్ని ఎంక్వైరీలు వచ్చాయి, ఎన్ని బిల్లులయ్యాయి, ఒక్కో బిల్లుకు ఎంత ఖర్చయింది, ఏ మార్పు చేశాక ఏమైంది. జీతం పెంచమని అడిగే రోజున ఆ పేజీలే మీ తరఫున మాట్లాడతాయి. వేరే సంస్థకు మారుతున్నప్పుడు యజమాని అనుమతితో మొత్తం అంకెలను మాత్రమే చెప్పుకోవాలి, కొనుగోలుదారుల నంబర్లు వెంట తీసుకుపోకూడదు. వెళ్లే ముందు ప్రకటన ఖాతా, పేజీ, మ్యాపు ప్రొఫైల్, షీటు అన్నిటి హక్కులూ సంస్థ మెయిలుకు బదిలీ చేసి, మీ పేరును మీరే తొలగించి, ఏ సాధనం ఎలా నడుస్తుందో రెండు పేజీలలో రాసి తరువాత వచ్చేవారికి అప్పగించండి.