పార్కింగ్ సెన్సర్ మొరాయిస్తోందా? కొత్తది కొనే ముందు ఇవి చూడండి

బంపర్‌లో గుండీలా కనిపించే ఆ సెన్సర్ ముఖం పలుచని అల్యూమినియం పొర. వెనక అతికించిన పీజో బిళ్ల (కరెంటు తగిలితే అదిరే బిళ్ల) ఆ పొరను సెకనుకు 40 వేల నుంచి 58 వేల సార్లు అదిరేలా చేస్తుంది. ఆ మోత మన చెవికి అందదు. అడ్డుకు తగిలి వెనక్కొచ్చే ప్రతిధ్వనిని వినేది కూడా ఆ పొరే. గోడ మీటరు దూరంలో ఉంటే రానూపోనూ సుమారు 6 మిల్లీసెకన్లు పడుతుంది. పొర కదలికకు ఏది అడ్డుపడినా, ఈ సమయాన్ని బట్టి వేసే దూరం లెక్క తప్పుతుంది.

రివర్స్ వేయగానే పొడుగాటి బీప్, తర్వాత నిశ్శబ్దం

చాలా కార్లలో దీనర్థం: పార్కింగ్ వ్యవస్థ తనను తాను పరీక్షించుకున్నప్పుడు ఏదో ఒక సెన్సర్ జవాబివ్వలేదు. ఏదన్నది చెవితోనే పట్టుకోవచ్చు. హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ మాత్రం ఆన్‌లో ఉంచి రివర్స్ గేర్ వేయండి. ఆటోమేటిక్ అయితే బ్రేక్ తొక్కి పట్టుకోవడానికి సీట్లో ఇంకొకరు ఉండాలి. ఒక్కో సెన్సర్ దగ్గర చెవి పెట్టండి. అసలు మోత వినపడకపోయినా, అది విడతలుగా మొదలై ఆగుతుంది కాబట్టి బాగున్నది సన్నగా టిక్ టిక్ మంటుంది, వేలి కొన ఆనిస్తే చిన్న అదురు తెలుస్తుంది. పలకనిదాన్ని అనుమానించండి.

ఒకటి చెడితే వెనక వరుస మొత్తాన్నీ ఆపేసే కార్లూ ఉన్నాయి. అప్పుడు ఏదీ పలకదు, కారు కంప్యూటర్లలోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టాల్సిందే. ఇంజిన్ కోడ్‌లు మాత్రమే చదివే చవక రీడర్‌తో పని జరగదు. పార్కింగ్ మాడ్యూల్‌ని కూడా చదివేది కావాలి.

దొరికిందని వెంటనే కొత్తది కొనకండి. పక్క సెన్సర్ అదే రకమైతే రెండింటినీ అటూ ఇటూ మార్చి చూడండి. లోపం సెన్సర్‌తోపాటు కొత్త చోటికి మారితే సెన్సరే పోయింది. ఉన్నచోటే ఉంటే వైరుదో కనెక్టరుదో తప్పు. కనెక్టర్ విప్పితే పిన్నుల మీద పచ్చటి చిలుము కనిపించడం మామూలే, బంపర్ లోపలికి నీళ్లు చేరుతూనే ఉంటాయి. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరనిచ్చి, రబ్బరు సీల్ చిరిగిందేమో చూడండి. ఆ తర్వాత మల్టీమీటర్‌తో సరఫరా కొలిచి, పనిచేసే సెన్సర్ కనెక్టర్‌తో పోల్చండి. తేడా ఉంటే వైరింగే.

వెనక ఏమీ లేకపోయినా బీప్

ముందు తుడవండి. బురద, నీటి బొట్టు, మంచు, ఏదైనా చాలు. తుడిచినా మోగితే సెన్సర్ లోపలికి నొక్కుకుపోయిందో, కిందికి వాలిందో చూడండి. వాలితే అది నేలనే అడ్డుగా చదువుతుంది. వదులైన నంబర్ ప్లేటు, టో హుక్, సైకిల్ క్యారియర్ కూడా ఇదే పని చేస్తాయి.

విడిగా కొని బిగించుకున్న కిట్‌లో ఇంకో పొరపాటుంటుంది. చాలా సెన్సర్ల కిరణం పక్కలకు వెడల్పు, పైకీ కిందికీ సన్నం. సెన్సర్ వీపు మీద ఉన్న బాణం గుర్తు పైకి చూడకుండా అడ్డంగా తిరిగితే వెడల్పు వైపు నేలకు తగులుతుంది. తిప్పి పెడితే సరిపోతుంది.

పక్కన లారీ ఎయిర్ బ్రేకు బుస్సుమన్నప్పుడు మాత్రమే మోగితే వదిలేయండి, ఆ గాలి మోతలోనూ ఇదే పౌనఃపున్యం ఉంటుంది.

బంపర్ రంగు వేయించాక చూపు మందగించింది

మందంగా పడిన రంగు, సెన్సర్ ముఖం మీది అల్యూమినియం పొరను బరువెక్కిస్తుంది. చుట్టూ ఉన్న మెత్తటి సిలికోన్ రింగు రంగుతో గట్టిపడితే ఆ అదురు బంపర్‌కీ పాకుతుంది. సెన్సర్‌ని విప్పి, రింగు తీసి, విడిగా పలుచగా రంగు వేయాలి. ఇప్పటికే మందంగా పడి ఉంటే గీకే ప్రయత్నం వద్దు, పొర గీతపడుతుంది. మార్చడమే మేలు.

ఎదుట వస్తువున్నా పట్టించుకోలేదు

ఇది చెడిపోవడం కాదు. సన్నటి స్తంభం, వల కంచె, ఏటవాలు పలక ప్రతిధ్వనిని సరిగా తిప్పి పంపవు. గుడ్డ దాన్ని పీల్చేస్తుంది. పొట్టి దిమ్మె విషయంలోనే ఎక్కువ మంది మోసపోతారు: దూరంగా ఉన్నప్పుడు బీప్ వస్తుంది, దగ్గరయ్యేకొద్దీ దిమ్మె కిరణం కిందకి జారి బీప్ ఆగిపోతుంది. బండి వెనక్కే కదులుతుండగా బీప్ ఆగితే బ్రేకు వేయండి.

బిగించుకున్న కిట్ అసలు మోగడం లేదు

ఇలాంటి కిట్లకు కరెంటు ఎక్కువగా రివర్స్ లైటు వైరు నుంచే అందుతుంది. రివర్స్ వేసినప్పుడు ఆ లైటు వెలుగుతోందా? లేకపోతే ఫ్యూజు, రివర్స్ స్విచ్ చూడండి. వెలుగుతుంటే కిట్ ఎర్త్ వైరు బిగించిన చోట తుప్పుందేమో గీకి చూడండి.