మాఘమాసం పెళ్లిళ్లు: పిల్స్ మొదలుపెట్టే ముందు

ముహూర్తాలు దగ్గరపడ్డాయి. విజయవాడ గవర్నరుపేటలో ఏదో ఒక మందుల షాపులో అడిగి గర్భనిరోధక మాత్రలు తెచ్చుకునే ముందు ఇవి చూసుకోండమ్మా.

ముందు బీపీ చూపించుకోండి. ఈస్ట్రోజన్ అనే హార్మోన్ ఉన్న మాత్రలతో రక్తం గడ్డకట్టే ముప్పు కాస్త పెరుగుతుంది. బీపీ 140/90 దాటినా, ఇంతకుముందు కాళ్లలో రక్తం గడ్డకట్టినా, కళ్ల ముందు మెరుపులు కనిపించి మైగ్రేన్ వస్తున్నా ఇవి వద్దు. డాక్టరు వేరే పద్ధతి చెబుతారు. సిగ్గుపడి ఇది దాచొద్దు.

టీబీకి రిఫాంపిసిన్ గానీ, ఫిట్స్ మందులు గానీ వాడుతుంటే చెప్పండి. వాటిలో కొన్ని మాత్ర ప్రభావాన్ని తగ్గించేస్తాయి.

పెళ్లికి ముందు వచ్చే నెలసరిలో, మొదటి 5 రోజుల్లోపు మొదలుపెట్టండి. అండం విడుదల కాకుండా ఆపడమే మాత్ర పని. ఆలస్యమైతే 7 రోజులు కండోమ్ తప్పదు.

ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ అట్టలో 21 తెల్లవి హార్మోన్ మాత్రలు, ముదురు రంగువి 7 ఐరన్ మాత్రలు. ఐరన్ వేసుకునే రోజుల్లోనే నెలసరి వస్తుంది. కంగారుపడి అట్ట పక్కన పెట్టేయకండి.

మొదటి 3 నెలలు వికారం, నెలసరికి మధ్యలో రక్తపు మరకలు మామూలే. రాత్రి అన్నం తిన్నాక వేసుకోండి, తేలికగా ఉంటుంది.

పిక్క వాచి నొప్పి పుట్టినా, ఆయాసం, ఛాతీనొప్పి వచ్చినా ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లండి.