మెత్తటి పదార్థాల మీద ఏఐతో పీహెచ్‌డీ: మోడల్ కన్నా ముందు చేయాల్సిన పని

నా పీహెచ్‌డీ హైడ్రోజెల్స్ మీద, అంటే నీటిని పట్టి ఉంచే మెత్తటి పాలిమర్ జెల్స్ మీద. ఏ మిశ్రమం ఎలాంటి జెల్ అవుతుందో మెషీన్ లెర్నింగ్‌తో అంచనా వేసి, ల్యాబ్‌లో చేసి చూడటం నా పని. ఈ రంగంలోకి కొత్తగా వచ్చేవాళ్లు మొదట అడిగేది "ఏ న్యూరల్ నెట్‌వర్క్ వాడాలి?" అనే. ఆ ప్రశ్నను కొన్ని నెలలు పక్కన పెట్టమంటాను. ప్రొటీన్ల ఆకారాన్ని అంచనా వేసే ఏఐ ఆల్ఫాఫోల్డ్‌ను చూసి చాలామంది ఇటు వస్తారు. కానీ దాని వెనక 1971లో మొదలైన ప్రొటీన్ నిర్మాణాల నిల్వ, ప్రొటీన్ డేటా బ్యాంక్ ఉంది. జెల్స్‌కు అంత పెద్ద, అంత శుభ్రమైన నిల్వ లేదు. మీ డేటా మీరే పుట్టించుకోవాలి.

అందుకే ముందు ఒకే ఫార్ములాను వేర్వేరు రోజుల్లో, ప్రతిసారీ మొదటి నుంచి కలిపి, కనీసం ఐదుసార్లు చేయండి. రియోమీటర్ (జెల్‌ను మెలిపెట్టి గట్టిదనం కొలిచే పరికరం) మీద మొదట స్ట్రెయిన్ స్వీప్ చేసి, అంటే ఆ మెలికను కొద్దికొద్దిగా పెంచుతూ, జెల్ నిర్మాణం దెబ్బతినని పరిధి ఎంతవరకో చూసుకోండి. ఆ పరిధిలోనే స్టోరేజ్ మాడ్యులస్, అంటే జెల్ గట్టిదనం, కొలవండి. ఐదు విలువల మధ్య ఎంత తేడా వస్తుందో అదే మీ నాయిస్. రెండు ఫార్ములాల మధ్య తేడా అంతకన్నా తక్కువైతే, ఏది మేలో ఏ మోడలూ తేల్చలేదు.

ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుందో వెతకడం చాలా ముఖ్యం. పాలీఅక్రిలమైడ్ జెల్‌నే తీసుకోండి. ద్రావణంలో కరిగి ఉన్న ఆక్సిజన్, జెల్ చర్యను నడిపే ఫ్రీ రాడికల్స్‌ను మింగేస్తుంది. ఆ ఆక్సిజన్‌ను తరిమేందుకు ఒకరోజు నైట్రోజన్ బాగా పంపి, మరోరోజు తొందరలో తక్కువ పంపితే, అదే ఫార్ములా వేరే జెల్ అవుతుంది. మోడల్‌కు ఆక్సిజన్ సంగతి తెలియదు కాబట్టి ఆ తేడాను క్రాస్‌లింకర్ (పాలిమర్ గొలుసులను ఒకదానికొకటి కట్టే రసాయనం) ఖాతాలో వేస్తుంది. అందుకే నైట్రోజన్ ఎంతసేపు పంపారు, రసాయనం ఏ బ్యాచ్‌ది, గది ఉష్ణోగ్రత ఎంత, కలిపిన ఎన్ని గంటలకు కొలిచారు, ఎవరు కలిపారు, అన్నీ రాసుకోండి. గడ్డకట్టని శాంపిల్స్‌నూ రాయండి. పేపర్లలో అవి దాదాపు కనిపించవు, కానీ జెల్ ఎక్కడ ఏర్పడదో మోడల్ నేర్చుకునేది వాటి నుంచే. (అక్రిలమైడ్ మోనోమర్, అంటే గొలుసుగా మారే ముందరి ముడి రసాయనం, నరాలకు విషం. గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి.)

తర్వాత మొదటి విడత శాంపిల్స్. ఒక్కో అంశాన్నే మార్చుకుంటూ పోకుండా, అన్ని అంశాలనూ ఒకేసారి మార్చే లాటిన్ హైపర్‌క్యూబ్ పద్ధతిలో మొత్తం పరిధి మీద పరచండి. ఇరవై ముప్పై శాంపిల్స్‌తో గాసియన్ ప్రాసెస్ అనే మోడల్ మొదలుపెట్టొచ్చు. అంచనాతో పాటు దాని మీద ఎంత అనుమానం ఉందో కూడా చెబుతుంది కాబట్టి నాకది ఇష్టం. మాడ్యులస్‌ను లాగ్ స్కేల్‌లో ఇవ్వండి, మీరు కొలిచిన నాయిస్‌నూ చేర్చండి. రబ్బరు సిద్ధాంతం ప్రకారం మాడ్యులస్ పాలిమర్ గొలుసుల సాంద్రతను, ఉష్ణోగ్రతను బట్టి పెరుగుతుంది. ఆ లెక్కను ముందే పెట్టి, మిగిలిన తేడాను మాత్రమే మోడల్‌ను నేర్చుకోనిస్తే తక్కువ డేటాతోనే పని జరుగుతుంది. ఆ అంచనానూ అనుమానాన్నీ చూసి, తర్వాతి విడతలో ఏవి చేయాలో బేయేసియన్ ఆప్టిమైజేషన్ అనే పద్ధతి సూచిస్తుంది. బోటార్చ్ లైబ్రరీ దీనికి చాలు.

మోడల్‌ను పరీక్షించేటప్పుడు డేటాను ఊరికే కలిపేసి, నేర్పడానికి ఒక భాగం, పరీక్షకు ఒక భాగం అని విడగొట్టకండి. ఒకే బ్యాచ్ శాంపిల్స్ రెండు వైపులా పడితే స్కోరు అందంగా వస్తుంది, కొత్త జెల్ దగ్గర మాత్రం పని చేయదు. ఒక బ్యాచ్‌ను, వీలైతే ఒక మోనోమర్ కుటుంబాన్నంతా పక్కన దాచి, దాని మీద పరీక్షించండి. థీసిస్‌లో ఆ స్కోరే పెట్టండి, తక్కువ వచ్చినా సరే.

ఇంకొక్క సంగతి. మామూలు జెల్‌లో క్రాస్‌లింకర్ పెంచితే గట్టిదనం వస్తుంది, కానీ జెల్ పెళుసుబారుతుంది. ఆ ఒక్క పాలిమర్ నెట్‌వర్క్ (గొలుసుల అల్లిక) లోపలే ఎంత వెతికినా ఈ చిక్కు వదలదు. 2003లో హొక్కైడో యూనివర్సిటీలో జియాన్ పింగ్ గాంగ్ బృందం పెళుసు నెట్‌వర్క్‌లోకి సాగే నెట్‌వర్క్‌ను అల్లి, ఈ చిక్కును దాటే డబుల్ నెట్‌వర్క్ జెల్ చేసింది. మీరు గీసిన పరిధి లోపలే మోడల్ వెతుకుతుంది, దాన్ని దాటి పోదు. కాబట్టి కొత్త అంచనాలు వరుసగా ఒకే చోట తిరుగుతుంటే ఇంకో విడత శాంపిల్స్ చేయకండి. గైడ్‌తో కూర్చుని, ఏ కొత్త రసాయనాన్ని, ఏ కొత్త నిర్మాణాన్ని పరిధిలోకి తేవాలో తేల్చుకోండి.