తుఫాను కాలం ముందు టామ్‌క్యాట్ మీదికి రైల్స్ యాప్: తీసుకోవాల్సిన జాగ్రత్తలు

అక్టోబరు వచ్చిందంటే మన బరంపురం, పర్లాకిమిడి వైపు అందరి చెవులూ వాతావరణ వార్తల మీదే ఉంటాయి. 2013లో ఫైలిన్ అక్టోబరు 12 రాత్రి గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. 2018లో తిత్లీ అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర దాటి, గజపతి జిల్లాను వరదల్లో ముంచింది. చిత్రమేమిటంటే, ఇక్కడి ఆఫీసుల్లో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించే హడావుడి కూడా సరిగ్గా ఈ రోజుల్లోనే మొదలవుతుంది. కొత్త ధాన్యం వచ్చేలోపు టోకెన్ల యాప్ కావాలని మిల్లుల వాళ్ళంటారు. దసరా సెలవుల్లో ఎవరూ వాడరు కదా, ఇప్పుడే మార్చేద్దామని కాలేజీల వాళ్ళంటారు.

యాప్ రూబీ ఆన్ రైల్స్‌లో (రూబీ భాషలో వెబ్ యాప్‌లు కట్టే చట్రం) ఉంది, కానీ ఆఫీసు సర్వర్‌లో జావా, టామ్‌క్యాట్ (జావా వెబ్ యాప్‌లను నడిపే సాఫ్ట్‌వేర్) తప్ప ఇంకేదీ పెట్టనివ్వరు. అలాంటి చోట పని చేసేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. దారి కొత్తదేమీ కాదు. జేరూబీ అంటే జావా మీద నడిచే రూబీ. వార్బ్లర్ అనే జెమ్ (జెమ్ అంటే రూబీ లైబ్రరీ) మీ యాప్‌నూ, జెమ్‌లనూ, జేరూబీనీ కలిపి ఒకే వార్ ఫైలుగా (జావా వెబ్ యాప్ మొత్తం ఉండే .war మూటగా) కడుతుంది. దాన్ని టామ్‌క్యాట్ వెబ్‌యాప్స్ ఫోల్డర్‌లో పడేస్తే నడుస్తుంది. ఎక్కించిన రోజు నడవడం పెద్ద విషయం కాదు, ఆ రోజు అందరూ సర్వర్ చుట్టూనే ఉంటారు. అర్ధరాత్రి కరెంటు పోయి, తెల్లారి వచ్చి, ఆఫీసులో ఎవరూ లేనప్పుడు యాప్ తనంతట తాను లేస్తుందా అన్నదే చూసుకోవాలి.

ముందు వెర్షన్లు కుదుర్చుకోండి

జేరూబీ 9.4 రూబీ 3.1తో సమానం, జావా 8 ఉన్నా నడుస్తుంది. జేరూబీ 10కి జావా 21 తప్పనిసరి. కాబట్టి సర్వర్‌లో ఏ జావా ఉందో తెలియకుండా ల్యాప్‌టాప్‌లో వార్ కట్టొద్దు. టామ్‌క్యాట్ దగ్గర ఇంకో మెలిక ఉంది. టామ్‌క్యాట్ 9 వరకూ సర్వ్‌లెట్ (వెబ్ అభ్యర్థనలను అందుకునే జావా కోడ్) క్లాసుల పేర్లు జావాఎక్స్‌తో మొదలయ్యేవి, 10 నుంచి జకార్తాతో మొదలవుతాయి. రైల్స్‌ను టామ్‌క్యాట్‌తో కలపడానికి వార్‌లో ఉండే జేరూబీ-రాక్ జెమ్‌లో 1.1, 1.2 తరానివి పాత పేర్లనే వెతుక్కుంటాయి. వాటిని టామ్‌క్యాట్ 10 మీద పెడితే క్లాసు దొరకలేదంటూ మొదట్లోనే కూలబడతాయి. ‘కొత్తది కదా, బాగుంటుంది’ అని టామ్‌క్యాట్‌ను ఈ సీజన్లోనే పైకి జరపకండి. పాత దాని మీద నడిచేదాన్ని పాత దాని మీదే ఉండనివ్వండి.

సి భాషలో రాసిన జెమ్‌లు జేరూబీలో నడవవు. మైఎస్‌క్యూఎల్2, పీజీ, ఎస్‌క్యూలైట్3 అనే డేటాబేస్ జెమ్‌లు తీసేసి వాటి జేడీబీసీ అడాప్టర్లు (జావా గుండా డేటాబేస్‌తో మాట్లాడేవి) పెట్టాలి. ఆ అడాప్టర్ల నంబర్లు రైల్స్‌ను బట్టి ఉంటాయి: రైల్స్ 6.1కి 61తో, 7.0కి 70తో మొదలయ్యేవి. నోకోగిరి, బీక్రిప్ట్‌లకు జావా రూపాలు ఉన్నాయి, బెంగ లేదు. ఫోటోలను మార్చే ఆర్‌మ్యాజిక్ ఉంటే మినీమ్యాజిక్‌కు మారండి. జేరూబీలో ఫోర్క్ (నడుస్తున్న ప్రోగ్రాము తన కాపీని పుట్టించడం) ఉండదు కాబట్టి యూనికార్న్, రెస్క్ లాంటివాటిని మర్చిపోండి. సైడ్‌కిక్ థ్రెడ్ల (ఒకే ప్రోగ్రాములో పక్కపక్కన నడిచే పనుల) మీద ఆధారపడుతుంది, అది నడుస్తుంది. నెట్‌లో దొరికే పాత పాఠాల్లో టార్క్‌బాక్స్ అని కనిపిస్తే ఆ పేజీ మూసేయండి. ఆ ప్రాజెక్టు ఆగిపోయి చాలా ఏళ్ళయింది.

వార్‌లో ఏం వెళ్తుంది, ఏం వెళ్ళదు

వార్బ్లర్ తనకు తెలిసిన ఫోల్డర్లనే వార్‌లో పెడుతుంది. రశీదుల నమూనాల కోసమో, ఒడియా ఫాంట్ల కోసమో మీరు సొంతంగా ఒక ఫోల్డర్ పెట్టుకుని ఉంటే, దాని పేరు వార్బుల్ కాన్ఫిగ్‌లోని డిర్స్ లిస్టులో చేర్చాలి. చేర్చకపోతే మీ ల్యాప్‌టాప్‌లో అన్నీ బాగుంటాయి, సర్వర్‌లో రశీదు ప్రింటు కొట్టినప్పుడే గుట్టు బయటపడుతుంది. వార్ కట్టే ముందు అసెట్స్ ప్రీకంపైల్ చేయండి, అంటే స్టైల్, స్క్రిప్టు ఫైళ్ళను ముందే సిద్ధం చేయండి. బూట్‌స్ట్రాప్, ఫాంట్లు, జేక్వెరీ ఏవీ బయటి సీడీఎన్ (ఇంటర్నెట్‌లోని ఉమ్మడి ఫైళ్ళ సర్వర్) నుంచి తెచ్చుకునేలా ఉండకూడదు. తుఫాను తర్వాత జనరేటర్ మీద ఆఫీసు నెట్‌వర్క్ నడుస్తుంటుంది కానీ ఫైబర్ తెగి ఇంటర్నెట్ ఉండదు. అప్పుడు సర్వర్ పక్క గదిలోనే ఉన్నా పేజీ బోసిగా, బటన్లు పనిచేయకుండా తెరుచుకుంటుంది.

మిగతా ఊళ్ళ వాళ్ళకంటే మనకు ఎక్కువ తగిలే సమస్య అక్షరాలది. మన దగ్గర ఒకే రిజిస్టర్‌లో ఒక పేరు తెలుగులో, పక్క పేరు ఒడియాలో ఉంటుంది. జావా 18 నుంచి డిఫాల్ట్ ఎన్‌కోడింగ్ (అక్షరాలను దాచే పద్ధతి) అన్ని లిపులూ పట్టే యూటీఎఫ్-8 అయింది కానీ, అంతకు ముందు జావాలు ఆపరేటింగ్ సిస్టమ్ ఏం చెబితే అదే వాడతాయి. మీరు టెర్మినల్ నుంచి టామ్‌క్యాట్ మొదలుపెడితే మీ లాగిన్‌లోని భాష సెట్టింగులు దానికి వస్తాయి. బూట్‌లో సర్వీసుగా అదే లేస్తే ఆ సెట్టింగులు లేకపోవచ్చు. అప్పుడు జావా గుండా ఫైలులోకి రాసిన ‘పర్లాకిమిడి’ అన్న పేరు పదకొండు ప్రశ్నార్థకాలుగా మారుతుంది, ఒత్తుకూ గుణింతానికీ కూడా ఒక్కొక్కటి చొప్పున. ఒకసారి అలా సేవ్ అయిపోయిన పేరును వెనక్కి తెచ్చుకోలేరు. కాబట్టి ఫైల్ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని జావా ఆప్షన్లలో మీరే రాసేయండి, డేటాబేస్ కనెక్షన్‌లోనూ చెప్పండి. టేబుళ్ళు యూటీఎఫ్8ఎంబీ4లో ఉన్నాయో లేదో చూసుకోండి. పరీక్షించేటప్పుడు ‘టెస్ట్ 123’ అని కొట్టడం మానేసి, ఒక తెలుగు పేరు, ఒక ఒడియా పేరు ఎక్కించి, రశీదు, ఎక్సెల్ ఎక్స్‌పోర్ట్ రెండూ తీసి చూడండి.

జనం ఎక్కించే ఫోటోలు, ఆధార్ కాపీలు వార్ విప్పిన ఫోల్డర్‌లో సేవ్ అవుతుంటే వెంటనే మార్చండి. కొత్త వార్ పెట్టిన క్షణంలో టామ్‌క్యాట్ ఆ ఫోల్డర్‌ను మొత్తం చెరిపేస్తుంది. బయట వేరే ఫోల్డర్ పెట్టుకున్నాక ఉబుంటు వాళ్ళకు ఇంకో అడ్డంకి వస్తుంది. ఉబుంటు ప్యాకేజీగా వచ్చే టామ్‌క్యాట్ 9 సర్వీసు, తనకు అనుమతించిన కొన్ని చోట్ల తప్ప డిస్కు మీద ఇంకెక్కడా రాయలేదు. ఫోల్డర్ ఓనరు సరిగ్గానే ఉంటాడు, పర్మిషన్లూ ఉంటాయి, అయినా ‘రీడ్ ఓన్లీ ఫైల్ సిస్టమ్’ అంటుంది. సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులను లేపేది, ఆపేది) ఫైలులో రీడ్‌రైట్‌పాత్స్‌కు ఆ ఫోల్డర్ పేరు చేర్చితే తీరిపోతుంది.

చిన్నవి రెండు. టామ్‌క్యాట్ మేనేజర్ పేజీ నుంచి వార్ అప్‌లోడ్ చేస్తే పరిమితి 50 ఎంబీ. జేరూబీ కూడా లోపలే ఉంటుంది కాబట్టి మన వార్ సులువుగా దాన్ని దాటుతుంది, నేరుగా కాపీ చేసుకోవడమే మేలు. సెక్యూరిటీ కోసం టెంప్ ఫోల్డర్‌ను నోఎగ్జెక్‌గా (అక్కడి ఫైళ్ళు నడవకుండా) మౌంట్ చేసి ఉంటే జేరూబీ తన చిన్న నేటివ్ లైబ్రరీని అక్కడ విప్పి నడపలేక ఆగిపోతుంది. జావాకు వేరే టెంప్ ఫోల్డర్ చూపించండి.

మెమరీ దగ్గర లెక్క

వార్బ్లర్‌లో మిన్ రన్‌టైమ్స్, మ్యాక్స్ రన్‌టైమ్స్ అని ఉంటాయి. ఒక్కో రన్‌టైమ్ అంటే యాప్ మొత్తానికి ఇంకో కాపీ. యాప్ థ్రెడ్‌సేఫ్ (చాలా థ్రెడ్లు ఒకేసారి నడిచినా తేడా రానిది) అయితే ఒక్కటి చాలు. రైల్స్ 4 నుంచి అదే డిఫాల్ట్, మీ సొంత కోడ్‌లో గ్లోబల్ వేరియబుళ్ళు లేకుండా చూసుకోవడమే మిగిలిన పని. ఒకటే రన్‌టైమ్ పెట్టినప్పుడు డేటాబేస్ పూల్‌ను (యాప్ వాడుకోగల కనెక్షన్ల సంఖ్యను) కూడా పెంచాలి. టామ్‌క్యాట్ డిఫాల్ట్‌గా 200 థ్రెడ్ల దాకా తెరుస్తుంది, రైల్స్ పూల్ సాధారణంగా 5. ధాన్యం సీజన్ మొదటి ఉదయం టోకెన్ల కోసం అందరూ ఒక్కసారి మీద పడితే, ఆ ఐదు కనెక్షన్ల కోసం మిగతావి క్యూలో నిలబడి టైమ్‌అవుట్ అవుతాయి. పూల్ పెంచండి, టామ్‌క్యాట్ థ్రెడ్లు తగ్గించండి, రెండూ ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. ఆఫీసుల్లో ఉండే 4 జీబీ సర్వర్లలో జావా హీప్‌కు (జావా తన డేటాకు వాడుకునే మెమరీకి) 1.5 జీబీ మించి ఇవ్వకండన్నది నా మాట. మైఎస్‌క్యూఎల్ కూడా అందులోనే బతకాలి.

కరెంటు తీసేసి చూడండి

అన్నీ అయ్యాక ఈ పరీక్ష తప్పనిసరిగా చేయండి. ఆఫీసు మూసే వేళ సర్వర్‌ను రీబూట్ చేయండి. కీబోర్డు ముట్టుకోకుండా, లాగిన్ కాకుండా పక్క కంప్యూటర్ నుంచి యాప్ తెరవండి. జేరూబీ మెల్లగా లేస్తుంది, కొన్ని నిమిషాలు ఆగాలి. మొదటి కొన్ని పేజీలు కూడా నత్తనడకే, జావా వేడెక్కాక సర్దుకుంటుంది.

లేవకపోతే ఎక్కువగా కారణం ఇది: సీక్రెట్ కీ బేస్ (రైల్స్ వాడే రహస్య కీ), డేటాబేస్ పాస్‌వర్డ్ మీ లాగిన్ తాలూకు బాష్‌ఆర్‌సీ ఫైలులో ఉంటాయి. మీరు చేత్తో మొదలుపెట్టినప్పుడు అవి దొరుకుతాయి. బూట్‌లో లేచే సర్వీసు ఆ ఫైలును చదవదు. వాటిని టామ్‌క్యాట్ బిన్ ఫోల్డర్‌లోని సెట్‌ఎన్వ్ ఫైలులోనో, ఉబుంటు అయితే /etc/default ఫోల్డర్‌లోని టామ్‌క్యాట్ ఫైలులోనో రాయాలి. రెండో కారణం, ఎప్పుడో తొందరలో రూట్‌గా (అన్ని అధికారాలున్న యూజర్‌గా) టామ్‌క్యాట్ మొదలుపెట్టి ఉంటారు. లాగ్ ఫైళ్ళు, వర్క్ ఫోల్డర్ రూట్ పేరు మీద ఉండిపోతాయి, ఆ తర్వాత టామ్‌క్యాట్ యూజర్ వాటిలో రాయలేడు. మూడోది, మైఎస్‌క్యూఎల్ ఇంకా లేవకముందే యాప్ లేచి, కనెక్షన్ దొరక్క చచ్చిపోతుంది. టామ్‌క్యాట్ మాత్రం హాయిగా నడుస్తూనే ఉంటుంది, యాప్‌ను మళ్ళీ లేపే ప్రయత్నం చేయదు. డేటాబేస్ అదే మెషీన్‌లో ఉంటే సిస్టమ్‌డీలో దాని తర్వాతే టామ్‌క్యాట్ అని క్రమం రాయండి. వేరే మెషీన్‌లో ఉంటే, అది పలికే దాకా ఆగే చిన్న స్క్రిప్టు పెట్టుకోవాలి.

తప్పు వెతకడానికి అందరూ టామ్‌క్యాట్ ప్రధాన లాగ్ అయిన కాటలినా లాగ్ తెరుస్తారు. అందులో ‘లిజనర్ మొదలవలేదు’ అని మాత్రం ఉంటే, లోకల్‌హోస్ట్ అన్న పేరుతో మొదలయ్యే లాగ్ ఫైలు చూడండి. అసలు రూబీ ఎర్రర్ చాలాసార్లు అందులో ఉంటుంది.

వార్ విప్పుతుండగానే కరెంటు పోతే ఇంకో తంటా. సగం విప్పిన ఫోల్డర్ మిగిలిపోతుంది. తర్వాత లేచిన టామ్‌క్యాట్ ఫోల్డర్ ఉంది కదా అని దాన్నే వాడుకుంటుంది, ఏదో ఒక ఫైలు లేదని ఏడుస్తుంది. టామ్‌క్యాట్ ఆపి, ఆ విప్పిన ఫోల్డర్ తీసేసి, వార్ అలాగే ఉంచి మళ్ళీ మొదలుపెట్టండి. ముందు చెప్పినట్టు అప్‌లోడ్‌లు బయట ఉంటేనే ఈ పని ధైర్యంగా చేయగలరు.

యూపీఎస్ ఉంటే సరిపోదు, బ్యాటరీ అయిపోయే ముందు సర్వర్‌ను పద్ధతిగా ఆపేలా కేబుల్, సాఫ్ట్‌వేర్ ఉండాలి. నట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలా యూపీఎస్‌లతో పనిచేస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ థ్రెడ్లు పట్టుకుని ఉంటే టామ్‌క్యాట్ ఆగమన్నా ఆగకపోవచ్చు. కాబట్టి ఇంత సమయం తర్వాత బలవంతంగా ఆపు అని కూడా చెప్పి ఉంచండి, లేకపోతే బ్యాటరీ అంతా దానికే ఖర్చయి మైఎస్‌క్యూఎల్ మధ్యలో పడిపోతుంది.

వెనక్కి దారి

నడుస్తున్న పాత వార్‌ను చెరపకండి, తేదీ పేరుతో పక్కన ఉంచండి. అయితే మైగ్రేషన్లు (టేబుళ్ళ నిర్మాణం మార్చే స్క్రిప్టులు) నడిపాక పాత వార్ కొత్త టేబుళ్ళతో పడకపోవచ్చు. అందుకే మైగ్రేషన్‌కు ముందు తీసిన డేటాబేస్ కాపీ కూడా దాని పక్కనే ఉండాలి. వార్బ్లర్‌లో రన్నబుల్ ఫీచర్ పెడితే రేక్ పనులు (మైగ్రేషన్ లాంటి కమాండ్లు) వార్ నుంచే చేసుకోవచ్చు, సర్వర్‌లో వేరే రూబీ అక్కర్లేదు. ఎగ్జిక్యూటబుల్ ఫీచర్ పెడితే ఒక చిన్న వెబ్ సర్వర్ కూడా వార్‌లోనే ఉంటుంది, జావా ఉన్న ఏ ల్యాప్‌టాప్‌లోనైనా యాప్ లేస్తుంది. సర్వర్ గదిలోకి నీళ్ళొచ్చిన రోజు ఒక ల్యాప్‌టాప్, డేటాబేస్ కాపీ ఉంటే కౌంటర్ నడుస్తుంది. ఆ కాపీ కూడా అదే గదిలో ఉంటే లాభం లేదు. రోజూ ఒకటి మన తీరానికి దూరంగా, హైదరాబాద్‌లోనో ముంబైలోనో ఉన్న క్లౌడ్‌కు వెళ్ళాలి. నెలకోసారి దాన్ని దించి, తెరిచి చూడాలి.

తేదీ విషయంలో మొహమాట పడకండి. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న వార్త వచ్చిందంటే కొత్త వార్ ఆపేయండి, అది వాయుగుండంగా మారేదాకా ఆగి చూద్దాం అనొద్దు. మేనేజరు గారు ‘చిన్న మార్పే కదండీ’ అంటే, ఆ చిన్న మార్పు తుఫాను దాటి, కరెంటు నిలకడగా వచ్చిన తర్వాత పెడతానని చెప్పండి. సర్వర్ పాస్‌వర్డ్, ఆపే పద్ధతి, లేపే పద్ధతి ఒక కాగితం మీద రాసి సీలు కవరులో పెట్టి క్యాషియర్ బీరువాలో ఉంచండి. ఫోన్లు పనిచేయని రోజు మీరు గుణుపురంలో ఇరుక్కుపోవచ్చు, ఆఫీసు తాళం తీసేది మాత్రం ఆయనే.