తెలుగు చదవడం నేర్పేటప్పుడు: ధ్వనులు, గుణింతాలు, లోకజ్ఞానం

వర్ణమాలలోని 56 అక్షరాలనూ కంఠస్థం చేయించిన తరువాతే పదాల జోలికి వెళ్లాలన్న పట్టుదలను ముందుగా విడిచిపెట్టండి. ఌ, ఙ వంటివి పసిపిల్లల పదాలలో దాదాపు కనిపించవు. త, ల, వ, ప, డ ధ్వనులు పట్టుబడితే చాలు, తల, వల, వడ, పడవ అని బిడ్డ తానే కూడబలుక్కుంటుంది. అయితే ప, వ రూపంలో దగ్గరివి కనుక వాటిని ఒకే రోజు పరిచయం చేయకూడదు.

గుణింతాన్ని రాగం తీసి అప్పజెప్పించడం కంటే పడు–పాడు, మెడ–మేడ వంటి జంటలను వినిపించి, హ్రస్వదీర్ఘాల తేడా చెవికి అందేలా చేయడం మేలు.

అసలు చిక్కు ఒత్తుల దగ్గర వస్తుంది. ‘కుర్చీ’లో గుడిదీర్ఘం ర మీద కనిపించినా, ఆ ఈకారం పలికేది కింద ఉన్న చ తరువాతే, అందువల్ల పిల్లలు ‘కురీచ’ అని చదివితే అది అశ్రద్ధ కాదు, కంటికి కనిపించిన వరుసను నమ్మడమే. పై అక్షరాన్ని పొల్లుగా పలికించి, ఒత్తును, ఆపై అచ్చును చేర్చి, మూడింటినీ వేలితో చూపిస్తూ నిదానంగా కలిపించండి.

‘నారుమడి’ని తప్పు లేకుండా చదివిన నగరపు బిడ్డకు, అమెరికాలో పెరిగే తెలుగు బిడ్డకు దాని అర్థం తెలియకపోవచ్చు. పాఠానికి ముందే వరినాట్ల చిత్రాలు చూపి, నారు పోయడం, పీకడం, నాటడం గురించి మాట్లాడండి. పిల్లలు సొంతంగా చదవలేని కథలను మీరే రోజూ చదివి వినిపించండి.